అండమాన్ ట్రంక్ రోడ్డు మీదుగా డిగ్లీపూర్ దాకా ఇద్దరే కారులో వెళ్ళవచ్చా?

మీరు అడిగినదాన్ని ముందుగా రెండు ముక్కల్లో చెప్పుకుందాం. పెళ్ళయి రెండేళ్ళయిన మీరిద్దరూ జనవరిలో ఎనిమిది రోజులు సెలవు పెట్టి అండమాన్ వెళ్ళాలనుకుంటున్నారు. అందరూ వెళ్ళే హావ్‌లాక్, నీల్ దీవులతో సరిపెట్టుకోకుండా, పోర్ట్ బ్లెయిర్‌లో కారు అద్దెకు తీసుకొని, మీరే నడుపుకుంటూ, అడవుల గుండా ఉత్తరాన డిగ్లీపూర్ దాకా పోయి రావాలన్నది మీ కోరిక. తాడ్వాయి, ఏటూరునాగారం దారుల్లో రాత్రింబవళ్ళు బండి నడిపిన అనుభవం ఉంది కాబట్టి ఇది కష్టం కాదన్నది మీ ధీమా.

సూటిగా చెబుతున్నాను. వెళ్ళవచ్చు, తప్పకుండా వెళ్ళండి. కానీ కారు మీరు నడపవద్దు. అక్కడి డ్రైవరుతో సహా మాట్లాడుకోండి. ఎనిమిది రోజులూ ఈ ఒక్క దారికే ఇవ్వండి, హావ్‌లాక్‌ను మధ్యలో ఇరికించవద్దు. రెండూ చూడాలంటే కనీసం పది రోజులు కావాలి. ఎనిమిది రోజుల్లో రెండూ పెట్టుకున్నవారు దేన్నీ సరిగ్గా చూడక, జెట్టీల దగ్గర వరుసల్లో నిలబడి తిరిగి రావడం నేను పదేపదే చూశాను.

నేను హనుమకొండలో పన్నెండేళ్ళుగా యాత్రలు కుదిర్చే పనిలో ఉన్నాను. ఈ దారిలో నాలుగుసార్లు వెళ్ళాను. అందులో రెండుసార్లు మా శ్రీమతితో, మా సొంత ఖర్చుతో, ఏ బృందమూ లేకుండా వెళ్ళాం. ఇక్కడ రాసేదంతా ఎక్కువగా ఆ రెండు ప్రయాణాల నుంచి వచ్చిందే.

సొంతంగా ఎందుకు నడపవద్దంటున్నాను? మీ డ్రైవింగు మీద అనుమానంతో మాత్రం కాదు. పోర్ట్ బ్లెయిర్ నుంచి డిగ్లీపూర్‌కు మూడు వందల కిలోమీటర్లకు పైగా ఉంటుంది. మనకైతే అది తెల్లవారుజామున బయలుదేరి మధ్యాహ్నానికల్లా ముగించే దూరం. అక్కడ మాత్రం కాలం లెక్క మీ చేతిలో ఉండదు. ఆ రోడ్డు జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దాటిన తర్వాత జరావా తెగవారి రిజర్వు అడవిలోకి ప్రవేశిస్తుంది. ఆ యాభై కిలోమీటర్లలోపు దూరాన్ని ఏ బండీ ఒంటరిగా దాటడానికి వీల్లేదు. పోలీసుల పహరాలో, రోజుకు కొన్ని నిర్ణీత వేళల్లో మాత్రమే, బళ్ళన్నీ బారులు తీరి వెళ్ళాలి. దానినే అక్కడ కాన్వాయ్ అంటారు. మొదటిది ఉదయం ఆరు గంటల ప్రాంతంలోనూ చివరిది మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలోనూ ఉంటుంది. వేళలు మారుతుంటాయి కాబట్టి ముందురోజు సాయంత్రం కనుక్కోవాలి. అడవి దాటగానే మిడిల్ స్ట్రెయిట్ అనే సముద్రపు పాయ అడ్డం వస్తుంది, అక్కడ బండిని పెద్ద పడవ మీదికి ఎక్కించి బారాటాంగ్ దీవి వైపు దించుతారు. కాన్వాయ్ ఒక్కటి తప్పితే పడవ తప్పుతుంది, పడవ తప్పితే బారాటాంగ్‌లోని సున్నపురాయి గుహల పర్మిట్ తప్పుతుంది, అంతటితో ఆ రోజు పోయినట్టే. ఈ గొలుసును రోజూ ఈదే డ్రైవరుకు ఏ వరుసలో నిలబడాలో, ఏ ఫారం ఎక్కడ ఇవ్వాలో, పడవలో బండిని ఏ కొసన పెడితే ముందు దిగవచ్చో తెలుసు. పైగా నేను అడిగిన అద్దె కార్ల దుకాణాలవారు సొంతంగా నడుపుకునే కార్లను దక్షిణ అండమాన్ వరకే ఇస్తామన్నారు, ఉత్తర అండమాన్ వైపు ఇవ్వబోమని తేల్చి చెప్పారు.

ఇంకొక కారణం కూడా ఉంది. ఇద్దరే వెళ్ళినప్పుడు ఒకరు స్టీరింగ్ పట్టుకుంటే చూసేది ఒక్కరే.

ఇప్పుడు ఆ అడవి గురించి. మీ ప్రశ్న చివర "జరావాలు కనబడతారా, ఫొటో తీయవచ్చా, ప్రమాదమా" అని మూడు అడిగారు. మొదటిదానికి సమాధానం ఒక్కోసారి కనబడతారని. మూడోదానికి లేదని. రెండోదానికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దని. ఫొటో, వీడియో తీయడం, బండి ఆపడం, తినేవి ఇవ్వడం అన్నీ 1956 నాటి ఆదివాసుల రక్షణ నిబంధన కింద జైలు దాకా తీసుకెళ్ళే నేరాలు. ముందున్న బండిని దాటడం కూడా నిషేధమే. జరావాలు మొత్తం కలిపితే కొన్ని వందల మంది మాత్రమే. 1990ల చివరి దాకా బయటివారితో దాదాపు సంబంధం లేకుండా బతికినవారు. మనకు సాధారణమైన జలుబు, తట్టు వంటివి వారికి ప్రాణాంతకం కావచ్చు.

మా మొదటి ప్రయాణంలో డ్రైవరు శ్రీకాకుళం నుంచి వెళ్ళి స్థిరపడిన కుటుంబంవాడు. అండమాన్, నికోబార్ దీవుల్లో 2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే కాబట్టి మీకూ తెలుగు డ్రైవరు దొరకడం కష్టం కాదు. జిర్కాటాంగ్ గేటు తెరుచుకునే ముందు అతను వెనక్కి తిరిగి, "అక్కా, ఫోన్లు రెండూ సంచిలో పెట్టి జిప్పు వేసెయ్యండి, చేతిలో ఉంటే చెయ్యి ఊరుకోదు" అన్నాడు. అరగంట పోయాక రోడ్డు పక్కన ఒక తల్లి, ఇద్దరు పిల్లలు నిలబడి కనిపించారు. ముందరి బస్సు కిటికీల్లోంచి తలలన్నీ ఒకేసారి బయటికి వచ్చాయి. మా డ్రైవరు వేగం తగ్గించలేదు, అటువైపు చూడనూ లేదు. చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్న మా శ్రీమతి, మేడారం జాతరప్పుడు మన బళ్ళు వరుసగా పోతుంటే గుడిసెల ముందు నిలబడి చూసే ముసలివాళ్ళు గుర్తొచ్చారని మాత్రం అన్నది. ఆమెది ములుగు దగ్గరి ఊరు.

అసలు ఆ దారిలో వెళ్ళడమే సరికాదనే వాదన ఉంది, అది తేలికగా కొట్టివేయదగినది కాదు. రిజర్వు గుండా పోయే భాగాన్ని మూసివేయాలని సుప్రీంకోర్టు 2002లోనే ఆదేశించింది. అయినా రోడ్డు నడుస్తూనే ఉంది, ఎందుకంటే ఉత్తరాది పట్టణాలకు ఆసుపత్రి అవసరాలూ సరుకులూ ఆ దారినే సాగుతాయి. ఈ చిక్కుకు నా దగ్గర ఉన్న జవాబు అరకొరదే: బారాటాంగ్ చూసి అదే రోజు వెనక్కి రావడమనే ఒకరోజు యాత్ర నేను ఎవరికీ కుదర్చను. ఆ యాత్రలో గుహల కంటే జరావాలను చూడాలన్న ఉబలాటమే ఎక్కువగా ఉంటుందని నా అనుభవం. ఉత్తరాదిలో రాత్రులు గడిపేవారికి మాత్రమే కుదురుస్తాను. తిరుగు ప్రయాణం వీలైతే సముద్రం మీదుగా పెట్టుకోమంటాను. పోర్ట్ బ్లెయిర్ నుంచి రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్‌లకు ప్రభుత్వ నౌకలు ఉన్నాయి. అవి నడిచే రోజులు తక్కువ, వాతావరణాన్ని బట్టి రద్దు కూడా అవుతాయి. అయినా ఒకవైపైనా ప్రయత్నించండి.

బయలుదేరే వేళ గురించి చెప్పకపోతే మీరు మొదటిరోజే ఇబ్బంది పడతారు. పోర్ట్ బ్లెయిర్ మన హనుమకొండకు 13 డిగ్రీలు తూర్పున ఉన్నా గడియారం మాత్రం ఒక్కటే. అంటే సూర్యుడు మనకంటే దాదాపు 50 నిమిషాల ముందే ఉదయించి ముందే అస్తమిస్తాడు. జనవరిలో సాయంత్రం అయిదుంబావుకే వెలుగు జారిపోతుంది. మన అలవాటు ప్రకారం తొమ్మిదింటికి టిఫిను చేసి బయలుదేరితే చూడటానికి సగం రోజు కూడా మిగలదు. మొదటి కాన్వాయ్ అందుకోవడానికి ఊళ్ళోంచి తెల్లవారుజామున మూడున్నరకు కదలాలి. అందుకే విమానం దిగిన రోజు ఊరు చుట్టే కార్యక్రమాలు పెట్టుకోకుండా ఎనిమిదింటికే పడుకోండి.

బారాటాంగ్‌ను సోమవారం పెట్టుకోవద్దు. ఈ పొరపాటు నేనే చేశాను. వారానికొకసారి గుహలకు సెలవని కనుక్కోకుండా, నాతోపాటు ఆరుగురిని మూడు గంటలకు నిద్రలేపి తీసుకెళ్ళి, జెట్టీ దగ్గర మూసిన కౌంటరు చూపించాను. ఆ ఆరుగురిలో ఇద్దరు ఇప్పటికీ ఎదురుపడినప్పుడు "ఈరోజు సోమవారం కాదు కదా" అని అడుగుతుంటారు.

సున్నపురాయి గుహలకు వెళ్ళే దారి గుహలకంటే బాగుంటుంది. చిన్న స్పీడ్ బోటు విశాలమైన పాయలో కొంతదూరం పోయి, హఠాత్తుగా మడ అడవిలోని సన్నని కాలువలోకి తిరుగుతుంది. రెండువైపుల చెట్ల వేళ్ళు నీటిలోంచి విల్లులా వంగి లేచి ఉంటాయి, కొమ్మలు తలలకు తగులుతుంటే అందరూ వంగి కూర్చోవాలి. ఇంజను శబ్దం తగ్గించగానే బురద ఒడ్డు మీద ఎండ్రకాయలు కదిలే చిటపట వినిపిస్తుంది. అక్కడ దిగి కిలోమీటరుకు పైగా నడవాలి. గుహలో పైనుంచి జారే సున్నపు నీరు ఏళ్ళతరబడి గడ్డకట్టి ఊడల్లా దిగింది. కొన్నిచోట్ల అది ఇంకా పెరుగుతూనే ఉంది. తడిగా మెరిసే కొన మీద ఒక చుక్క నిలిచి, బరువెక్కి, రాలడం టార్చి వెలుగులో చూడవచ్చు. చేత్తో ముట్టుకోవద్దు, మన చేతి జిడ్డు అంటినచోట సున్నం పేరుకోదు. సొంత టార్చి తీసుకెళ్ళండి, ఫోను వెలుగు సరిపోదు.

అక్కడి బురద అగ్నిపర్వతం గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకండి. పేరు పెద్దది, చూడబోతే కంచె లోపల బూడిదరంగు బురద గుంటలో కాసేపటికొక బుడగ లేచి పగులుతుంది, అంతే. భూగర్భంలోని వాయువులు బురదను పైకి నెట్టడం వల్ల అలా జరుగుతుంది. 2004 డిసెంబరు భూకంపం తర్వాత గట్టిగానే ఎగజిమ్మిందట గాని, మీకు అది కనబడకపోవడమే మంచిది.

బారాటాంగ్ నుంచి మధ్య అండమాన్‌కు ఇప్పుడు పడవ అక్కరలేదు, హంఫ్రీ స్ట్రెయిట్ మీద దాదాపు కిలోమీటరున్నర పొడవున ఆజాద్ హింద్ ఫౌజ్ సేతు ఉంది. తర్వాత రోడ్డు ఒక తీరుగా ఉండదు. విస్తరణ పనులు ఏళ్ళతరబడి సాగడం వల్ల కొంతదూరం నున్నగా, ఆ వెంటనే గుంతలు, ఎర్రమట్టి. వేగం గంటకు ముప్పైకి పడిపోతే విసుక్కోకండి, రెండువైపుల గర్జన్, పడాక్ చెట్లు ఎంత ఎత్తున ఉన్నాయో చూడటానికి అదే తగిన వేగం. పడాక్ మొదట్లో బల్లల్లా విచ్చుకున్న వేళ్ళు మనిషెత్తున ఉంటాయి. మన ఏటూరునాగారం టేకు చూసిన కళ్ళకు ఇవి మరో జాతి అడవులని తెలిసిపోతుంది.

రంగత్‌లో ఒక రాత్రి చాలు. ధనీనల్లా దగ్గర మడ అడవిలో ముప్పావు కిలోమీటరు దాకా కట్టిన చెక్క వంతెన మీద నడిచి సముద్రం దగ్గర తేలడం బాగుంటుంది, మిగతావి సమయం ఉంటే చూడండి. మాయాబందర్ దగ్గర కర్మాటాంగ్ తీరం, వెబీ అనే ఊరు ఉన్నాయి. ఆ ఊరివారు 1925లో బర్మా నుంచి తెచ్చి స్థిరపరిచిన కరెన్ ప్రజల సంతతివారు. వెదురు, కర్ర పనితనం వారిది. అక్కడ ఎవరింటి ముందైనా ఆగి మంచినీళ్ళడిగితే మాట కలుస్తుంది.

మీ సమయమంతా దాచుకోవలసింది డిగ్లీపూర్ కోసం. అక్కడ కనీసం రెండు రాత్రులు, వీలైతే మూడు. ఊరుగా డిగ్లీపూర్‌లో చూడటానికి ఏమీ లేదు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడినవారు వరి పండించుకునే ప్రశాంతమైన బజారు అది. అన్నం, చేపల పులుసు ఎక్కడైనా దొరుకుతాయి, మీరు శాకాహారులైతే పప్పు, ఆలుగడ్డ కూరతో సర్దుకోవాలి. ఊళ్ళో కాకుండా పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలోని కాలీపూర్ తీరం దగ్గర బస చూసుకోండి.

రాస్, స్మిత్ జంట దీవులకు ఏరియల్ బే జెట్టీ నుంచి పడవలో అరగంట ప్రయాణం. రెండు దీవులను కలుపుతూ తెల్లని ఇసుక దిబ్బ ఉంటుంది. పోటులో అది మునిగి మోకాలిలోతు నీరు నిలుస్తుంది, ఆటులో పొడిగా తేలి రెండువైపుల సముద్రం కనబడుతుంది. కాబట్టి ఆ రోజు ఆటుపోట్ల వేళలు జెట్టీలో అడిగి, దానిని బట్టి పడవ మాట్లాడుకోండి. అటవీశాఖ అనుమతికి గుర్తింపు కార్డు నకళ్ళు కావాలి. మేము రెండోసారి వెళ్ళినప్పుడు దిబ్బ మధ్యలో మా ఇద్దరి అడుగులు తప్ప ఇంకేమీ లేవు. గంట తర్వాత నీరు రెండువైపుల నుంచి సన్నగా నాలుకలు చాపుతూ వచ్చి ఆ అడుగులను కలిపేసింది. మా శ్రీమతి చెప్పులు అవతలి దీవి మీదే ఉండిపోయాయి, తను చీర ఎత్తిపట్టుకొని నిలబడి నన్ను వెళ్ళి తెమ్మన్నది.

కాలీపూర్ తీరానికి నాలుగు రకాల తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి: ఆలివ్ రిడ్లీ, పచ్చ తాబేలు, హాక్స్‌బిల్, లెదర్‌బ్యాక్. మీరు వెళ్ళే జనవరి అందుకు అనువైన నెల. అటవీశాఖ కాపలాదారుల అనుమతితో, వారి వెంటే వెళ్ళాలి. తెల్లటి లైటు వేయకూడదు, తాబేలుకు ఎదురుగా నిలబడకూడదు. మేము రాత్రి పదకొండు దాటాక రెండు గంటలు చలిగాలిలో కూర్చుంటే ఒక్కటి వచ్చింది. ముందు వినిపించింది శబ్దమే: బస్తాను ఇసుక మీద ఈడుస్తున్నట్టు, ఆగి, మళ్ళీ ఈడుస్తున్నట్టు. వెనక కాళ్ళతో గుంత తవ్వేటప్పుడు ఒక కాలు ఇసుకను ఎత్తిపోస్తుంటే రెండోది జారకుండా అంచు పట్టుకుంటుంది. కాపలాదారు ఎర్రలైటులో గుడ్లు ఒక్కొక్కటిగా పడటం చూపించాడు. వంద దాకా ఉంటాయన్నాడు, మేము నలభై దాకా లెక్కపెట్టి మానేశాం.

అండమాన్, నికోబార్ దీవులన్నిటిలో ఎత్తైనదైన సాడిల్ పీక్ కూడా అక్కడే ఉంది. ఎత్తు 732 మీటర్లే అయినా తేలికగా తీసుకోకండి. సముద్రమట్టం నుంచి మొదలయ్యే ఎక్కుడు, పోను రాను దాదాపు పదహారు కిలోమీటర్లు, పైగా విపరీతమైన ఉక్కపోత. అలవాటు లేనివారు లామియా బే నుంచి తీరం వెంట సాగే మొదటి రెండు, మూడు కిలోమీటర్లు నడిచి వెనక్కి వస్తే చాలు. శిఖరం మీది నుంచి నాకు కనబడింది పొగమంచు ఒక్కటే.

జాగ్రత్తలు కొన్ని. మొసళ్ళు నిజం: మడ పాయల దగ్గర, బోర్డు ఉన్న ప్రతి తీరంలోనూ నీటిలోకి దిగవద్దు, నల్లా (అంటే అక్కడ వాగు) అన్న పేరున్న చోట ఉప్పునీటి మొసలి ఉంటుందనే అనుకోండి. ఇసుక ఈగలు కుడితే వారం రోజులు దురద తగ్గదు, తడి ఇసుక మీద చాప లేకుండా కూర్చోకండి, కాళ్ళకు కొబ్బరినూనె దట్టంగా రాసుకోండి. గవ్వలు, పగడపు ముక్కలు ఏరి సంచిలో వేసుకోవడం నేరం, విమానాశ్రయంలో తనిఖీ చేస్తారు. ఏటీఎంలు రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్‌లలో ఉన్నా వాటిని నమ్ముకోకుండా నగదు తీసుకెళ్ళండి. అడవిలో ఫోను పనిచేయదు, ఊళ్ళలోనూ అరకొరే. సంక్రాంతి తర్వాత వెళ్తారు కాబట్టి ఒక డబ్బా సకినాలు తప్పకుండా పెట్టుకోండి, కాన్వాయ్ దగ్గర గంటన్నర నిరీక్షణలో అవే టిఫిను. మా డ్రైవరు వాటిని మురుకులనుకొని మొదలుపెట్టి డబ్బా సగం చేశాడు.

రోజుల లెక్క ఇలా వేసుకోండి. మొదటిరోజు హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్ళే విమానం దొరికితే ఎక్కి దిగి విశ్రాంతి. రెండోరోజు బారాటాంగ్ చూసి రాత్రికి రంగత్. మూడోరోజు ధనీనల్లా, మాయాబందర్ చూస్తూ చీకటి పడకముందే కాలీపూర్. నాలుగు, అయిదు రోజులు అక్కడే. ఆరోరోజు నౌక ఉంటే నౌకలో, లేకపోతే అదే రోడ్డున రంగత్ దాకా. ఏడోరోజు పోర్ట్ బ్లెయిర్, సాయంత్రం సెల్యులార్ జైలు. ఎనిమిదోరోజు తిరుగు విమానం. ఏడోరోజుకే విమానం టికెట్టు తీసుకోవద్దు. నర్సంపేట నుంచి మా ద్వారా వెళ్ళిన ఒక జంట నేను వద్దన్నా అలా తీసుకొని, పడవ దగ్గర వరుస కదలక చివరి కాన్వాయ్ తప్పి, బారాటాంగ్‌లో ఒక టీ దుకాణం వెనక గదిలో రాత్రి గడిపారు. విమానం డబ్బులు పోయాయి. ఆ సాయంత్రం పారట్ ఐలాండ్‌కు వేల చిలుకలు గూటికి చేరడం చూశామని ఆ అమ్మాయి ఇప్పటికీ సంబరంగానే చెబుతుంది, అబ్బాయి మాత్రం టికెట్ల ధర చెబుతాడు.

చివరిగా బుకింగ్ సంగతి. అండమాన్‌లో రాస్ అనే పేరుతో రెండు దీవులున్నాయి. పోర్ట్ బ్లెయిర్ ఎదురుగా ఉన్నదాని పేరు 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్‌గా మారింది, కానీ పాత పేరే ఇంకా వాడుకలో ఉంది. పోర్ట్ బ్లెయిర్ కూడా 2024 నుంచి శ్రీ విజయపురం. టికెట్లలో ఏ పేరైనా కనబడవచ్చు. అందువల్ల ఎవరితో మాట్లాడినా "రాస్" అని ఊరుకోకుండా "డిగ్లీపూర్ రాస్, స్మిత్" అని పూర్తిగా రాయించుకోండి. ప్రయాణం తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే చెప్పండి, రెండోరోజు సోమవారం పడుతుందో లేదో చూసి చెబుతాను.